జాంబీలకు ఇంత గిరాకీ ఎందుకు? మన దయ్యాలు ఎందుకు సరిపోలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఎం.ఏ. చదువుతున్నారు. జాంబీల మీద, అంటే చచ్చి లేచి తిరిగే శవాల మీద, ప్రాజెక్టు చేస్తానంటే గైడు గారు "అది పిల్లల గేముల విషయం, మన జానపదంలో దయ్యాలకు కొదవా?" అన్నారు. జాంబీలు లోకమంతా ఇంతగా ఎందుకు పాకాయి, మన దయ్యాలు చేయని పని అవి ఏం చేస్తున్నాయి, అసలిది ప్రాజెక్టుకు పనికొస్తుందా అన్నది మీ ప్రశ్న. నేను వరంగల్ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్లు సాహిత్యం చెప్పాను. ఊళ్లలో దయ్యం కథలు, జాతర పాటలు సేకరించాను. విద్యార్థులకు సినిమాలు వేసి చర్చ పెట్టడం నాకు అలవాటు. అందుకే కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. విషయం పనికొస్తుంది, అదీ చాలా బాగా. చచ్చినవాళ్లు లేస్తారన్న భయం మీద ఈ కథలు నడవడం లేదు. నిన్నటిదాకా మన పక్కన కూర్చుని తిన్న మనిషిని "వీడిక మనిషి కాదు" అని తేల్చేసుకునే ఘడియ ఒకటి ప్రతి జాంబీ కథలోనూ వస్తుంది. జనాన్ని కట్టిపడేసేది ఆ ఘడియే. దయ్యం కథలో అది రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జాంబీ పుట్టిల్లు హైతీ. కరీబియన్ సముద్రంలోని ఆ దేశం ఫ్రాన్సు చేతిలో ఉన్న రోజుల్లో, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో అక్కడ చెరకు తోటలు నడిచేవి. 1780ల చివరికి బానిసలు ఐదు లక్షల దాకా ఉన్నారు. చాకిరీ ఎంత ఘోరమంటే పుట్టేవాళ్లకంటే చచ్చేవాళ్లే ఎక్కువ. ఆ కొరత తీర్చడానికి ఓడల్లో కొత్తవాళ్లను దింపుతూనే ఉండేవారు. చచ్చాకైనా ఆత్మ ఆఫ్రికాకు, తాతముత్తాతల దగ్గరికి చేరుతుందన్న నమ్మకం వాళ్లకు మిగిలిన ఆశ. ఆ ఆశను కూడా గుంజుకునే ఊహ పేరు జాంబీ. మంత్రగాడు గోరీలోంచి లేపుతాడు, మాటా మనసూ లేని ఒళ్లుగా మారుస్తాడు, మళ్లీ తోటలోకే తోలుకుపోతాడు. చచ్చినా తప్పని చాకిరీ అన్నమాట. 1791లో మొదలైన తిరుగుబాటు 1804లో స్వాతంత్ర్యంతో ముగిసింది. ఆ భయం మాత్రం కథల్లో ఉండిపోయింది.

మన ప్రాంతం వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. దొర గడిలో వెట్టి చేసిన ముత్తాతల సంగతులు ఇంకా చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. భాగేలా అనే అప్పు చాకిరీ పద్ధతి కింద తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది. తండ్రి పోయినా చాకిరీ పోయేది కాదు. హైతీ బానిస ఎందుకు అలాంటి కథ అల్లుకున్నాడో జనగామ, పరకాల పల్లెల్లోని ముసలివాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఇక్కడ మీ గైడు గారికి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. హైతీ కథల్లో జాంబీ ఎవరినీ కొరకదు. అక్కడి జనానికి జాంబీ అంటే భయం లేదు, తామే జాంబీలైపోతామేమోనన్నదే భయం.

1915 నుంచి 1934 దాకా హైతీని అమెరికా సైన్యం ఆక్రమించుకుంది. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన విలియం సీబ్రూక్ అనే అమెరికన్ 1929లో ఒక యాత్రా గ్రంథం వేశాడు. అమెరికాలో జాంబీ అనే మాట జనం నోళ్లలో పడింది దాంతోనే. అందులో ఆయన విన్న కథ ఒకటుంది. ఒక మేస్త్రీ చింపిరి బట్టల కూలీలను వరసగా నడిపించుకుంటూ చక్కెర కంపెనీ పనికి తెస్తాడు. వాళ్ల కళ్లలో చూపు ఉండదు, పేరడిగితే జవాబుండదు. వాళ్ల కూలి డబ్బులు మేస్త్రీ జేబులోకి పోతాయి. వాళ్లకు పెట్టే తిండిలో ఉప్పు ఉండకూడదు, అది నియమం. ఒక పండగ రోజు మేస్త్రీ పెళ్లాం వాళ్లను చూసి జాలిపడి, పల్లి పట్టీ లాంటి మిఠాయి కొనిపెడుతుంది. అందులోని గింజలకు ఉప్పు పట్టించి ఉన్న సంగతి ఆమెకు తెలియదు. నాలుకకు ఉప్పు తగలగానే తాము చచ్చినవాళ్లమని వాళ్లకు గుర్తొస్తుంది. ఒక్క ఏడుపు ఏడ్చి, ఎవరెంత ఆపినా ఆగకుండా తమ ఊరి దారి పడతారు. ఊళ్లో సొంతవాళ్లు గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలిచినా తిరిగి చూడరు. నేరుగా వల్లకాటికి పోయి ఎవరి గోరీ వాళ్లు చేతులతో తవ్వుకుంటూ అక్కడే శవాలై పడిపోతారు. జాంబీల గురించి నేను చదివిన అన్నిట్లో ఇంతకంటే బాధ పెట్టిన కథ లేదు.

1932లో హాలీవుడ్ ఈ సరుకుతో తొలి జాంబీ సినిమా తీసింది. చక్కెర మిల్లులో జాంబీలు గానుగ తిప్పుతుంటే ఒకడు తూలి అందులో పడిపోతాడు. తిప్పేవాళ్లు ఆగరు, తల కూడా తిప్పరు. ఆ ఒక్క దృశ్యంలో హైతీ బాధ ఉంది. మిగతా సినిమాలో ఉన్నది తెల్లమ్మాయిని మంత్రగాడు వశం చేసుకున్నాడన్న భయం. బానిస కథ యజమానుల చేతికి వెళ్తే ఏమవుతుందో చూడాలంటే ఈ సినిమా చాలు.

మనం ఇప్పుడు చూసే జాంబీ పుట్టింది 1968లో. పిట్స్‌బర్గ్ దగ్గర జార్జ్ రొమెరో అనే కుర్ర దర్శకుడు లక్ష డాలర్లు దాటిన కొద్దిపాటి ఖర్చుతో, స్నేహితులను, చుట్టుపక్కల జనాన్ని పెట్టి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. సినిమా నలుపు తెలుపు కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. అందులో జాంబీ అన్న మాటే వినపడదు. మంత్రగాడు లేడు, యజమాని లేడు, చాకిరీ లేదు. శవాలు గుంపులుగా లేచి బతికున్నవాళ్లను తింటాయి, అవి కొరికినవాళ్లు వాటిలో చేరిపోతారు. నేలమాళిగలో జ్వరంతో పడుకున్న చిన్నపిల్ల చచ్చి లేచి కన్నతల్లినే తాపీతో పొడుస్తుంది. తల్లి వెనక్కి వెనక్కి పోతుంది తప్ప పిల్ల మీద చేయెత్తదు. ఆఖర్లో రాత్రంతా పోరాడి బతికిన నల్లజాతి హీరోని తెల్లారాక వచ్చిన తుపాకుల గుంపు కిటికీలో చూసి, జాంబీ అనుకుని కాల్చేస్తుంది. శవాన్ని కొక్కేలతో లాగి మంటలో వేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన ఏడాదే ఆ సినిమా విడుదలైంది. ఆ పాత్రకు డువేన్ జోన్స్‌ను బాగా నటించాడనే తీసుకున్నానని రొమెరో తర్వాత చెప్పాడు. అయినా ఆ ముగింపును ఆ కాలపు అమెరికన్లు ఏ కళ్లతో చూసి ఉంటారో ఊహించండి.

పాపులారిటీ లెక్కల్లో చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. ఆ సినిమాకు మొదట వేరే పేరుండేది. పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు పెట్టడం డిస్ట్రిబ్యూటర్ మరిచిపోయాడు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం గుర్తు లేకపోతే హక్కు లేదు. దాంతో సినిమా అందరి సొత్తయింది. టీవీ చానెళ్లు ఊరికే వేసుకున్నాయి, క్యాసెట్ల వాళ్లు ఊరికే అమ్ముకున్నారు, మిగతా దర్శకులు ఆ నియమాలనే ఎత్తుకుని సొంత కథలు కట్టారు. దీన్ని తీసిన వాళ్లకు రావాల్సిన డబ్బు రాలేదు, అది అన్యాయమే. కానీ జాంబీకి యజమాని లేకపోవడం వల్లే అది ప్రతి దేశానికీ పోయింది. దానికి తోడు జాంబీ మేకప్ చవక. కాలేజీ పిల్లలు కూడా నలుగురు మొహానికి పౌడర్ రాసుకుని షార్ట్ ఫిల్మ్ తీసేయగలరు. ఖర్చు లేని భూతం కొత్తవాళ్లందరికీ అందుబాటులోకి వచ్చింది.

1978లో అదే రొమెరో జాంబీలను షాపింగ్ మాల్‌లో తిప్పాడు. బతికున్నప్పటి అలవాటు కొద్దీ అవి మాల్‌కే వస్తాయి. 1996లో జపాన్ నుంచి 'రెసిడెంట్ ఈవిల్' గేమ్ వచ్చింది, అందులో కారణం కంపెనీ ల్యాబ్‌లోని వైరస్. గేములకు జాంబీ అతికినట్టు సరిపోయింది. నేరుగా మీదికి నడిచొచ్చే శత్రువును ప్రోగ్రామ్ చేయడం తేలిక, దాన్ని కాల్చినా ఆడేవాడి మనసుకు ఏమీ అనిపించదు. 2002లో బ్రిటిష్ సినిమా '28 డేస్ లేటర్' అవి పరుగెత్తేలా చేసింది. 2010 నుంచి 2022 దాకా 'ది వాకింగ్ డెడ్' సీరియల్ నడిచింది. మన దగ్గర చాలామంది పిల్లలకు జాంబీ మొదట పరిచయమైంది సినిమాతో కాదు, 2019లో పబ్జీ మొబైల్‌లో వచ్చిన జాంబీ మోడ్‌తో. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు తెలియని భూతం ఇంటర్ పిల్లలకు కంఠస్థం.

శాస్త్రవేత్తలు కూడా దీన్ని వదల్లేదు. 2009లో కెనడాలోని గణితజ్ఞులు అంటువ్యాధుల లెక్కలు జాంబీల మీద వేసి పేపర్ రాశారు. 2011లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ "జాంబీలు వస్తే ఏం సిద్ధం చేసుకోవాలి" అని బ్లాగులో రాసింది. మంచినీళ్లు, మందులు, టార్చిలైటు, ఇంట్లోవాళ్లు కలుసుకునే చోటు, ఇలా అంతా తుపానుకు చెప్పే జాగ్రత్తలే. తుపాను పేరుతో చెబితే చదవని జనం జాంబీ అనగానే విరగబడి చదివారు, తాకిడికి సైటు ఆగిపోయింది. కరోనా మొదట్లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2021లో అచ్చయింది. జాంబీ కథలు, ప్రళయం కథలు ఇష్టపడేవాళ్లు ఆ రోజులకు కాస్త ఎక్కువ సిద్ధంగా ఉన్నారని అందులో తేలింది. సినిమాలే వాళ్లను అలా తయారు చేశాయా, అలాంటి స్వభావం ఉన్నవాళ్లే ఆ సినిమాలు చూస్తారా అన్నది దాంతో తేలదు. ప్రాజెక్టులో వాడితే ఆ మాట కూడా రాయండి.

ఇక మన దయ్యాల సంగతి. "మనం శవాలను కాలుస్తాం, లేవడానికి ఒళ్లే ఉండదు, అందుకే మనకు జాంబీ లేదు" అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. తెలంగాణలో పాతిపెట్టే కులాలు చాలా ఉన్నాయి, ముస్లింలు, క్రైస్తవులు ఎలాగూ ఉన్నారు. పైగా శవంలో దూరే బేతాళుడు మనకు ఎప్పటినుంచో ఉన్నాడు. చెట్టుకు వేలాడే శవాన్ని విక్రమార్కుడు భుజాన వేసుకుని నడిచే బొమ్మను చందమామలో చూడని తరం లేదు. కానీ ఆ శవం ఏం చేస్తుంది? కథ చెబుతుంది, చిక్కు ప్రశ్న వేస్తుంది, న్యాయం అడుగుతుంది. అసలు తేడా అక్కడుంది. మన దయ్యానికి నోరుంది. దానికి ఒక పేరు, ఒక ఊరు, తీరని కోరికో జరిగిన అన్యాయమో ఉంటాయి. దయ్యం పట్టిందంటే ముందు అడిగేది "ఎవలు నువ్వు? ఏం గావాలె నీకు?" అనే కదా. కోడినో చీరనో ఒప్పుకుని సాగనంపుతారు. అంటే దయ్యంతో బేరం ఉంది, మాట ఉంది, ఒక్కోసారి దానివైపే న్యాయం ఉంది. మన సినిమాల్లో దయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

పూనకాన్ని కూడా ఇక్కడే చూడాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో దేవుడు ఒంటి మీదికి వచ్చి ఊగే శివసత్తులను చూసే ఉంటారు. ఆ ఒళ్లు ఆ ఘడియకు వాళ్ల వశంలో ఉండదు. అయినా చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టి ప్రశ్న అడుగుతారు, ఆమె చెప్పింది వింటారు. చిత్రమేమంటే హైతీ జనం మతమైన వూడూలోనూ అంతే. దేవత ఒంటి మీదికి రావడం అక్కడ పవిత్రం, జాంబీ దానికి పూర్తిగా తలకిందులు. దేవత వచ్చిన ఒళ్లు మాట్లాడుతుంది, జాంబీ ఒళ్లు మాట్లాడదు. హాలీవుడ్ ఈ రెండింటినీ కలిపేసి ఒక మతాన్నే బూచిగా చూపించింది. శివసత్తులను ఎరిగిన మీలాంటి విద్యార్థి ఈ తేడాను పట్టుకున్నంత బాగా బయటి పరిశోధకులు పట్టుకోలేరు. మీ ప్రాజెక్టుకు అసలు బలం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

అంటురోగానికి కూడా మన దగ్గర అమ్మవారే ఉంది. గత్తర (కలరా) వస్తే పోచమ్మకు, మైసమ్మకు బోనం తీశారు, వేపాకు కట్టారు, చల్లబడమని మొక్కారు. రోగానికి ముఖముంది, దానితోనూ మాట్లాడొచ్చు. వైరస్‌తో మాట్లాడలేం. 2020 మార్చిలో మనకు కొత్తగా అనుభవమైంది అదే, జాంబీ కథ ఒక్కసారిగా మన ఇంటి కథ అయిందీ అప్పుడే. కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంలో ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి' 2021 ఫిబ్రవరిలో థియేటర్లకు వస్తే మన జనం నియమాలేమీ వివరించకుండానే అందుకున్నారు. కరవడం, అంటుకోవడం, తలుపులు బిగించుకోవడం అన్నీ అప్పటికే తెలుసు.

కరోనా తగ్గాక ఒకసారి మా విద్యార్థులకు 2016 నాటి కొరియా సినిమా 'ట్రైన్ టు బూసాన్' వేశాను. రైల్లో జాంబీల పెట్టెలు దాటుకుని కొంతమంది ప్రాణాలతో మిగతా ప్రయాణికులున్న పెట్టె దాకా వస్తారు. లోపలున్నవాళ్లు తలుపు తీయరు. "వీళ్లకు అంటుకుని ఉంటే?" అంటాడు ఒక కంపెనీ పెద్దమనిషి, మిగతావాళ్లు వంత పాడతారు. ఎలాగో లోపలికి వచ్చినవాళ్లను కూడా వెళ్లగొట్టి తలుపు కట్టేస్తారు. అవతలి అద్దం వెనక జాంబీగా మారిన తన అక్కను ఒక ముసలమ్మ చూస్తుంది. ఈ పెట్టెలోని బతికున్నవాళ్లను ఒకసారి చూస్తుంది. లేచి వెళ్లి జాంబీల వైపు తలుపు తెరిచేస్తుంది. సినిమా ఆపి చర్చ మొదలుపెడితే చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మా ఊరి పొలిమేరల గూడ గిట్లనే ముండ్లకంప అడ్డం కొట్టిన్రు. మా మామ బొంబాయికెల్లి నడుసుకుంట వస్తే రానియ్యలే, బాయికాడ్నే పండిండు. ఆ కంప నరికి తెచ్చినోళ్లల్ల నేను గూడ ఉన్న" అన్నాడు. ఆ తర్వాత క్లాసులో ఒక్కొక్కరే మాట్లాడారు. కరీంనగర్‌లో బారికేడ్లు పెట్టిన వీధుల గురించి, దుబాయ్ నుంచి దిగినవాళ్ల ఇళ్లకు అంటించిన స్టిక్కర్ల గురించి, శవాన్ని ఊళ్లోకి తేనివ్వని రోజుల గురించి. ఎన్ని పాఠాలు చెప్పినా రాని మాటలు ఆ రోజు వచ్చాయి. ఆ భయం అబద్ధం కాదు, కంప వేసినవాళ్లు రాక్షసులూ కారు. అయినా మామ మామే.

ఇంకొకటి కూడా రాయాలి, రాయడం కష్టంగానే ఉంది. మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టిన సంఘటనలూ ఉన్నాయి. అక్కడ జరిగేది కూడా అదే: తెల్లారి లేస్తే "పెద్దమ్మా" అని పిలిచే మనిషిని ఒక రాత్రి గుంపు కూడి మనిషి కాదని తేల్చేస్తుంది. తేల్చాక ఏం చేసినా తప్పనిపించదు. మంచి జాంబీ కథ ఈ పనిని మన కళ్లముందు పెట్టి ఇబ్బంది పెడుతుంది. చౌకబారు జాంబీ కథ అదే పనికి చప్పట్లు కొట్టిస్తుంది. అందుకే జాంబీ కథలన్నిటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవద్దు, తీసిపారేయవద్దు. ఒక్కొక్క కథనూ "ఇందులో మనిషి కాదని ఎవరు తేల్చారు, ఎంత తొందరగా తేల్చారు?" అని అడిగి చూడండి. గేముల వల్ల పిల్లలు చెడిపోతారా అన్న వాదన కంటే ఈ ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

ప్రాజెక్టు విషయానికొస్తే, అన్ని దేశాల సినిమాల జాబితా వేయకండి, ఇంటర్నెట్‌లో అవి బోలెడు ఉన్నాయి. హైతీ చరిత్ర ఒక అధ్యాయం, 1968 సినిమా ఒక అధ్యాయం చాలు. మిగతాదంతా ఇక్కడిదే పెట్టండి. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు మీకు తెలిసిన ఊళ్లు రెండు మూడు ఎంచుకుని, పెద్దవాళ్ల దగ్గర దయ్యం కథలు, గత్తర నాటి జ్ఞాపకాలు, పిల్లల దగ్గర గేమ్ కథలు, అందరి దగ్గరా 2020 కంపల సంగతులు రికార్డు చేయండి. దయ్యాన్ని మాట్లాడించిన సమాజం మాట్లాడని భూతాన్ని ఎలా తనదిగా చేసుకుంది అని గైడు గారి ముందు పెడితే ఆయన కాదనరు. రికార్డింగుకు ముందు ఒప్పుకోలు అడగండి. మంత్రాల అనుమానం మోసిన ఇంటివాళ్లు ఎవరైనా మీతో మాట్లాడితే పేరూ ఊరూ రెండూ మార్చి రాయండి, ఆడియో కూడా ఎవరికీ పంపకండి. థీసిస్ అయ్యాక మీరు హనుమకొండ వచ్చేస్తారు, వాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి.